నలభై ఒక్క పడవల పిలుపు

మంచుకి ఇంకా ఇరవై ఆరు రోజులు

ఈ పుస్తకం నాది కాదు, నా కూతురు పైడిది. ముందు పేజీలన్నీ దాని రాతే. ఏ రోజు ఏ పడవకి పిలుపు రికార్డు చేసిందో వరసగా రాసుకుంది. "ముప్పై ఎనిమిది. రెండుసార్లు తప్పు పోయింది, మూడోసారి బాగుంది." అలా నలభై ఒకటి దాకా ఉన్నాయి. నలభై ఒకటోది వాళ్ళయ్య పడవ. దాని కింద గీత గీసి "రేపు అన్నీ విని చూడాలి" అని రాసింది. ఆ రేపు దానికి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి పిల్ల లేదు.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ బడి ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. నా రాత వంకర. కానీ పిలుపుల మీద ఎవరు చెయ్యి వేసినా ఏం చేశారో ఇందులో రాయాలని మా తెప్పలపేట నియమం. ఏటా ఒకే రోజున దిగే ఆ దట్టమైన మంచులో పిలుపు తప్పితే, పడవ పేట చుట్టూ ఉన్న గోడకి కొట్టుకుంటుంది కదా. అందుకని రాస్తున్నాను.

పొద్దున్న పేట పెద్ద సన్యాసయ్య వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాసులమ్మా, పైడి పిలుపులు గోడ మీద స్పీకర్ల స్తంభానికి పెట్టి సూసినాం. ఏటీ ఇనపడట్లేదు. దోమ మూలిగినట్టున్నాది."

"ఇప్పుడేటి సేస్తారు?"

"మంచు తొలిరోజుకి ఎవరైనా బాగు సేస్తే సరి. నేకపోతే డిపో నుంచి మిషను గొంతు తెచ్చి పెట్టీడమే. పైడికిచ్చిన లాప్‌టాప్ డిపోకి ఎనక్కిచ్చీయాల. తుడిసీసి ఇంకొకరికి ఇస్తారు."

"తుడిసీడమంటే?"

ఆయన కిందికి చూశాడు. "అందులో ఉన్నదంతా పోద్ది తల్లీ."

పిల్ల ఫొటోలు రెండు ఉన్నాయి. గొంతు ఇంకెక్కడా లేదు.

"నాను సేస్తాను" అన్నాను. ఎలాగో నాకు తెలీదు. నోట్లోంచి వచ్చేసింది.

మంచుకి ఇంకా ఇరవై అయిదు రోజులు

తెల్లారకముందే లేచి తాళ్ళు బిగించాను. ఆటుపోటుకి మా తెప్ప, పక్కనున్న దానయ్య తెప్ప ఎడం జరిగాయి. దానయ్య గుమ్మానికి తెల్లగుడ్డ కట్టి ఉంది. మా వరసలో సగం మంది రాత్రిళ్ళు నీళ్ళలో మునిగి, కిందున్న ఊళ్ళ నుంచి ఇనుము తీసుకొస్తారు. పగలు పడుకుంటారు. తెల్లగుడ్డ కట్టిన ఇంటి పక్కన ఎవరూ గొంతెత్తకూడదు. గోడలంటే రేకులే. మేం గిన్నె దింపినా కింద పాత చీర వేసి దింపుతాం.

పైడికి పిలుపుల పని ఇచ్చినప్పుడు అది ఎంత ఎగిరిందో. అంతకుముందు ఏళ్ళలో ముసలి రమణమ్మ పిలిచేది. ఆమె పిలుపుల్లో వెనకాల రోటి చప్పుడు, కోళ్ళ అరుపు, కోడలి నవ్వు అన్నీ వినపడేవి. "నావి అలా ఉండవమ్మా, శుభ్రంగా ఉంటాయి" అనేది పైడి. కానీ లాప్‌టాప్‌కి కరెంటు ఎండ ఉన్నప్పుడే. ఎండ ఉన్నప్పుడు దానయ్య నిద్ర. దుప్పటి ముసుగేసుకుని, మైకు మూతి దగ్గర పెట్టుకుని గొణుక్కున్నట్టు పిలిచేది. నేనే చెప్పేదాన్ని మెల్లిగా అనమని. రోజూ చెప్పేదాన్ని.

ఇవాళ తెరిచి చూశాను. తెర మీద ఒక్కో పిలుపూ ఒక గీత. గొంతు పెద్దదైతే గీత కొండల్లా లేస్తుందని పైడి చూపించేది. దాని గీతలు మాత్రం కుట్టుదారంలా ఉన్నాయి. చెవులకి పెట్టుకునేవి పెట్టుకుని విన్నాను. ఉంది. ఎక్కడో గది చివర తలుపు వెనక నిలబడ్డట్టు ఉంది.

అన్నం వండాను. తినలేదు. మళ్ళీ విన్నాను.

మంచుకి ఇంకా ఇరవై రెండు రోజులు

పుస్తకం వెనక పేజీలో ఏ బొత్తాం దేనికో పైడి రాసిపెట్టుకుంది. "గొంతు సన్నగా ఉంటే: పై అంచు దాకా పెంచు." ఆ బొత్తాం నొక్కాను. పచ్చటి పట్టీ ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తింది. అయిపోయింది అని వచ్చింది. చూస్తే అదే దారం. నలభై ఒక్క పిలుపులకీ నొక్కాను. నీళ్ళు లేని బోరింగు కొట్టినట్టు కొడుతూనే ఉన్నాను. ఒక్కటీ లేవలేదు.

చేత్తో బలవంతంగా పెంచే బొత్తాం ఇంకొకటి ఉంది. దాన్ని తిప్పితే మధ్యలో ఒకచోట చెవి పగిలేలా బర్రుమంది. చెవులకి పెట్టుకున్నవి తీసి అవతల పారేశాను.

వాళ్ళయ్య వల కుట్టుకుంటూ చూస్తున్నాడు.

"ఎందుకే దాన్ని కెలుకుతావు?"

"పిలుపులు ఇనపడట్లేదంట మావా."

"ఇనపడకపోతే మంచిదే. సచ్చిపోయిన పిల్ల సముద్రం మీద పిలుస్తంటే నాను సుక్కాని ఎటు తిప్పాల? సెప్పు."

వల అక్కడే వదిలేసి చెప్పులు కూడా లేకుండా వెళ్ళిపోయాడు. పిల్ల పోయినప్పటి నుంచి ఆయన దాని పేరు పలకలేదు. ఆ పేరు రావాల్సిన చోట "పిల్ల" అంటాడు.

మంచుకి ఇంకా పంతొమ్మిది రోజులు

మూడో వరసలో సూరన్న ఉన్నాడు. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో క్లార్నెట్ వాయించేవాడు, బేండు వాళ్ళ పాటలు రికార్డు చేసేవాడు. ఇప్పుడు ఒక చెవి పనిచెయ్యదు. లాప్‌టాప్ చీరలో చుట్టుకుని తాళ్ళ వంతెన మీద పట్టుకెళ్ళాను. ఒకచోట పలక జారింది. నా కాలు నీళ్ళలోకి దిగింది గానీ లాప్‌టాప్ తడవలేదు.

"బొత్తాం తప్పు కాదప్పా" అన్నాడు చూసి. "ఇదుగో, ఈ ముల్లు సూసినావా?"

దారం మధ్యలో ఒక్కచోట సూదిలా నిలబడి పై అంచుకి తగులుతోంది. నేను అది తెర మీద గీత అనుకున్నాను.

"జనాన్నందర్నీ ఒక పీట మీద నిలబెట్టి, పీటని పైకెత్తుతాది ఈ బొత్తాం. పొడుగోడి తల సూరుకి తగిలితే ఆగిపోద్ది. ఇక్కడ పొడుగోడు ముందే సూరుకి తగిలి ఉన్నాడు. ఇంక పొట్టోళ్ళు ఎక్కడికి నెగుస్తారు?"

"అయితే ఏటి సెయ్యాల?"

"పొడుగోడ్ని బయటికి పంపీ. అప్పుడెత్తు."

"ఎవడా పొడుగోడు?"

"ఇను మరి."

విన్నాను. పన్నెండో పిలుపు. పైడి సన్నగా "ఎడం చేతికి గుర్రపు రాయి" అంటోంది. ముల్లు దగ్గరకొచ్చేసరికి: "ఒలే, మెల్లిగా! ఎన్నిసార్లు సెప్పాల నీకు?"

నేనే.

ఇరవై ఏడోది పెట్టాడు. "ఆ గొంతేటే, కాకిలాగ!" నేనే. ముప్పై మూడు. "సాలు, ఇంక ఆపీ!" నేనే. ఏది తీసినా ముల్లు నాదే. పిల్లని మెల్లిగా అనమన్న దాన్ని నేను, అన్నింటికన్నా గట్టిగా.

సూరన్న నవ్వాడు. "వరసంతటికీ నీదే పెద్ద గొంతు. నిన్ను బేండుకి తీసుకెళ్ళాల్సిందప్పా." తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. క్లార్నెట్ తుడిచే గుడ్డ ఇచ్చాడు, కళ్ళు తుడుచుకోమని.

మంచుకి ఇంకా పదిహేను రోజులు

ముల్లు పట్టుకుని కోస్తున్నాను. రోజుకి పది పిలుపులు. కోశాక బొత్తాం నొక్కితే దారం ఉబ్బి కొండలవుతుంది. మొదటిసారి అలా అయినప్పుడు పైడి నా చెవి పక్కన నిలబడి పిలిచినట్టయింది. ఇటూ అటూ చూశాను. గదిలో నేనే ఉన్నాను. గుమ్మం బయట తెల్లగుడ్డ ఊగుతోంది. అందుకని ఏడవడం కూడా మెల్లిగానే.

పైడి వెనక పేజీలో ఇంకో మాట రాసింది. "కోసిన ముక్క పారెయ్యకూడదు. కింద వరసలో పెట్టి చప్పుడు ఆపెయ్యాలి." అలాగే చేస్తున్నాను. కింద వరసంతా నేనే, నోరు నొక్కుకుని ఉన్నాను.

నలభై ఒకటో పిలుపు కుదరడం లేదు. అది వాళ్ళయ్యది. చివర పైడి "అయ్యా, ఇటు" అంటుంది. సరిగ్గా ఆ మాట మీదే నేను అరిచాను. నా అరుపు కోస్తే దాని మాట పోతుంది. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. చివరికి కోసేశాను. రాళ్ళ పేర్లు, వరస నంబరు మిగిలాయి. అంతకన్నా పడవకేం కావాలి అనుకున్నాను.

మంచుకి ఇంకా పదకొండు రోజులు

గొంతుతో పాటు సముద్రం హోరు, రేకుల గలగల కూడా పెరిగాయి. సూరన్న దానికీ దారి చెప్పాడు. ఎవరూ మాట్లాడని ఖాళీ చోటు ఒకటి లాప్‌టాప్‌కి చూపిస్తే, ఆ చప్పుడు ఏదో గుర్తుపట్టి అంతటా తీసేస్తుందట. ప్రతి పిలుపుకీ ముందు కొంచెం ఖాళీ ఉంది. అదే చూపించాను. గ్లాసు కడిగినట్టు శుభ్రమైపోయింది. నలభై ఒకటీ అయిపోయాయి.

ఇంత శుభ్రంగా ఉండాలనే పైడి అనుకుంది. అయినా తాళ్ళ ముడి విప్పి మళ్ళీ కట్టాను. రెండుసార్లు.

మంచుకి ఇంకా తొమ్మిది రోజులు

ఇవాళ పరీక్ష. మూడు పడవలు గోడ బయటికి వెళ్ళాయి. చుక్కాని పట్టేవాళ్ళు కళ్ళకి గుడ్డ కట్టుకున్నారు. ముందు ఒక్కొక్కరు గెడ పట్టుకుని కూర్చున్నారు, ఏమైనా అయితే ఆపడానికి. పడవకి కట్టిన బిళ్ళని బట్టి ఏ పడవ దగ్గరకొస్తే దాని పిలుపు స్తంభం వేస్తుంది.

వేసింది. పైడి గొంతు నీళ్ళంతటా పరుచుకుంది. ప్రతి మాటా తెలిసింది. నా పక్కన ఆడవాళ్ళు ముక్కులు ఎగబీలుస్తున్నారు. సన్యాసయ్య తల ఊపాడు.

పడవలు మాత్రం ఆగిపోయాయి. మూడూ ఉన్నచోటే ఆగాయి. ఒక్కటీ ఇటు తిరగలేదు.

పన్నెండో పడవ మాసయ్య వచ్చి నా ముందు చేతులు కట్టుకున్నాడు. "తప్పుగా అనుకోకు కాసులప్పా. ఒంటరి గొంతు పిలిస్తే సముద్రం మీద అటు తిరగం గదా. మా తాతల నుంచీ అంతే. ఇల్లు ఇనపడాల. మనిషెనకాల మనుషులుండాల. అది ఊపిరి కూడా తియ్యట్లేదు. నా సెయ్యి ఆడలేదు."

ఈ మాట నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. శుభ్రం చేసే ఆత్రంలో మర్చిపోయాను. పిల్లని ఒక్కదాన్నే చేసి నీళ్ళ మీద నిలబెట్టాను.

"మిషను గొంతు రేపు తెస్తాను" అన్నాడు సన్యాసయ్య.

మంచుకి ఇంకా ఎనిమిది రోజులు

మిట్టమధ్యాహ్నం దానయ్య వచ్చాడు. అతని గుమ్మానికి తెల్లగుడ్డ లేదు. నిద్రలేని కళ్ళు.

"కాసులప్పా, నా నిద్ర గురించేనా ఆ గుంట అలా గొణిగింది?"

తల ఊపాను.

"ఒక్క దినం నన్ను నిద్దర నేపి అడగొచ్చు గదా. నానేటైనా తిట్టీవోడినా?"

"తిట్టీవోడివే."

"అవున్లే, తిట్టీవోడినే." గడప మీద కూలబడ్డాడు. "నిన్న స్తంభం మీద ఇన్నాను. అది పైడి గొంతే గానీ పైడి కాదు. నాకు తెల్దా? రేకు అవతల్నుంచి రోజూ ఇనీవోడ్ని. పిలిసే ముందు ఉస్సుమని ఊపిరి తీసేది. తరవాత నువ్వు తిట్టీదానివి. తరవాత అది దుప్పట్లో కిసుక్కుమని నవ్వేది."

"నువ్వు తొంగున్నావని గదా నా తిట్లన్నీ!"

"నిద్దరెక్కడ పట్టేది నీ తిట్లకి? అది నవ్వీదాకా సూసి అప్పుడు తొంగునేవోడ్ని."

అతను వెళ్ళాక లాప్‌టాప్‌లో కింద వరస తెరిచాను. నోరు మూసిన ముక్కలు ఒక్కొక్కటీ విన్నాను. నా అరుపు అయ్యాక ఉంది, నవ్వు. చిన్నది. ప్రతిదాంట్లో ఉంది. అరుపుతో పాటు అదీ కోసేశాను. పిలుపు ముందు ఖాళీ అనుకుని చూపించిన చోట దాని ఊపిరి ఉంది. లాప్‌టాప్ దాన్ని చెత్త అనుకుని తీసేసింది. నేను చూపించాను కాబట్టి తీసేసింది.

సన్యాసయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆయన మిషను గొంతు పెట్టె చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"తొలిరోజు మద్దేన్నం దాకా నాకియ్యి" అన్నాను. "గోడ మీద నాలుగు దీపాలెట్టు, మనుషుల్ని నిలబెట్టు. పడవలు తిరగకపోతే లాప్‌టాప్ నా సేత్తో నానే ఇస్తాను. తుడిసీ."

"మద్దేన్నం దాకానే" అన్నాడు.

మంచుకి ఇంకా నాలుగు రోజులు

శుభ్రం చేసిందంతా వెనక్కి తిప్పేసి, అన్నీ మొదటి నుంచి. ఈసారి ఖాళీ చోటు పిలుపు అంతా అయ్యాక, అది మైకు దించేశాక తీసుకున్నాను. అక్కడ సముద్రం తప్ప ఎవరూ లేరు. హోరు మొత్తం తియ్యలేదు, సగమే తీశాను. ముక్కలన్నీ వాటి చోట్లలో పెట్టి నోరు తెరిపించాను. నన్ను మాత్రం దించాను. పైడి మాట ముందు, నా తిట్టు దాని వెనకాల, పక్క గదిలోంచి వచ్చినట్టు. పీట ఎత్తితే ఇప్పుడు అందరూ లేస్తున్నారు.

నలభై ఒకటో దాంట్లో దాని మాట, నా అరుపు కలిసే ఉన్నాయి. విడదియ్యడానికి రాదు. ఎంత దించితే దాని మాట తెలుస్తుందో అంత దించి వదిలేశాను.

మంచుకి ఇంకా రెండు రోజులు

పడవలన్నీ చివరి వేటకి వెళ్ళాయి. మంచు ముందు చేపలు బాగా పడతాయి, తిరిగి రావడం తొలిరోజు పొద్దున్నే. వాళ్ళయ్య పడవ ముందు బిళ్ళ నేనే కట్టాను. ముడి రెండుసార్లు చూశాను.

"నీదీ ఉన్నాది మావా, పిలుపు" అన్నాను.

ఆయన తెడ్డు సర్దుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

మంచు తొలిరోజు

తెల్లారేసరికి చెయ్యి చాపితే వేళ్ళు కనపడలేదు. దానయ్య లాంతరు పట్టుకుని వచ్చి స్తంభం కింద నా పక్కన నిలబడ్డాడు. రాత్రంతా నీళ్ళలో పనిచేసి వచ్చాడు. వెళ్ళి పడుకో అంటే వినలేదు.

ఎనిమిది గంటలకి మొదటి పిలుపు మోగింది. ఉస్సుమని ఊపిరి. "పన్నెండో పడవా... ఎడం చేతికి గుర్రపు రాయి..." వెనకాల నేను, "ఒలే, మెల్లిగా! ఎన్నిసార్లు సెప్పాల నీకు?" తర్వాత నవ్వు. సముద్రమంతా నా తిట్టే. గోడ మీద ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మంచులోంచి ఎవరో మగ గొంతు గట్టిగా నవ్వింది. "ఒరే, కాసులప్ప తిడతంది, ఇల్లొచ్చీసినట్టే, తిప్పండ్రా!" అది మాసయ్య. పన్నెండో పడవ ముక్కు మంచు చీల్చుకుని వచ్చింది.

తర్వాత ఒకదాని వెనక ఒకటి. నేను వేళ్ళు మడుస్తూ పోయాను. పది, ఇరవై, ముప్పై తొమ్మిది. పదకొండున్నరకి నలభై.

నలభై ఒకటి రాలేదు.

సన్యాసయ్య మిషను పెట్టె కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. నేను గోడ మీద ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను. దానయ్య లాంతరు నాతో పాటే నడిచింది. ఆయన రాకపోతే పైడి చేత నేను పిలిపించింది ఎవర్ని?

పన్నెండు కావస్తుండగా స్తంభం ఊపిరి తీసింది.

"నలభై ఒకటో పడవా... ఎడం చేతికి గుర్రపు రాయి... కుడికి పట్టు... ఏడో వరసా... అయ్యా, ఇటు." ఆ "ఇటు" మీద నేను పడ్డాను. "అరవకే పైడీ! దానయ్య తొంగున్నాడు!" తర్వాత నవ్వు.

నీళ్ళ మీద ఏ చప్పుడూ లేదు. తెడ్డు చప్పుడు కూడా ఆగిపోయింది. స్తంభం మళ్ళీ పిలిచింది. మళ్ళీ. మూడోసారి నా తిట్టు నాకే వినపడుతుంటే కళ్ళు మూసుకున్నాను.

తెడ్డు నీళ్ళని కొట్టింది. ఒకసారి. ఇంకోసారి.

పడవ వచ్చి గోడకి మెత్తగా ఆనింది. ఆయన తాడు విసిరాడు. నేను అందుకుని కట్టాను. పైకెక్కి నా మొహం చూడలేదు. మీసాల నిండా మంచు నీళ్ళు. స్తంభం వైపు తిరిగాడు.

"పైడి ఇంత గోల సేస్తంటే" అన్నాడు, "దానయ్య నిద్దర నెగిసినాడేటి?"

దానయ్య లాంతరు పైకెత్తాడు.

"నెగిసినాను మావా" అన్నాడు.

నలభై ఒకటీ చేరాయి.